డెస్క్ నుంచి యూనివర్సిటీకి: మీడియా ఎథిక్స్ పాఠం చెప్పాలంటే దారేది?

జోన్‌డెస్క్_కృష్ణ

అందరికీ నమస్కారం. వయసు 36. తెలుగు దినపత్రికలో 12 ఏళ్లుగా డెస్క్‌లో, అంటే వార్తలు దిద్ది పేజీలు సిద్ధం చేసే విభాగంలో ఉన్నాను. మొదట జిల్లా టాబ్లాయిడ్ (జిల్లా వార్తల చిన్న సైజు అనుబంధం), ఇప్పుడు మెయిన్ ఎడిషన్. బీకాం 58 శాతం, దూరవిద్యలో ఎంఏ తెలుగు 61 శాతం, పత్రిక వాళ్ల జర్నలిజం స్కూల్ డిప్లొమా. యూనివర్సిటీలో జర్నలిజం, ముఖ్యంగా మీడియా ఎథిక్స్ బోధించాలని గట్టి కోరిక. ఉద్యోగం ఇప్పుడే వదిలే పరిస్థితి లేదు.

అడగదలచుకున్నవి ఇవి. ఈ చదువుతో నెట్ (అధ్యాపక ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చా? పీహెచ్‌డీ తప్పనిసరా? డెస్క్ అనుభవాన్ని ఎంపికలో లెక్కలోకి తీసుకుంటారా? ఎథిక్స్‌ని పాఠంగా ఎలా చెబుతారు? మన దగ్గర చాలాచోట్ల పత్రికల ప్రమాణాలను చూసే ప్రెస్ కౌన్సిల్ నియమాలు చదివించి పరీక్ష పెట్టేస్తారని విన్నాను. దానికి మించి ఏం చేయొచ్చు?


ఆచార్య_సాగరతీరం

ముందు అర్హత సంగతి తేల్చుకోండి, లేకపోతే మిగతావన్నీ గాలిలో ఉంటాయి.

నెట్‌లో మన సబ్జెక్టు మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం, కోడ్ 63. పీజీ ఏ సబ్జెక్టులో చేస్తే నెట్ ఆ సబ్జెక్టులోనే రాయాలి. పీజీ సబ్జెక్టు నెట్ జాబితాలో లేనివాళ్లకే దగ్గరి సబ్జెక్టు ఎంచుకునే వీలు. తెలుగు ఆ జాబితాలో ఉంది కాబట్టి మీ ఎంఏతో తెలుగులో నెట్ రాయొచ్చు గానీ జర్నలిజం శాఖ పోస్టుకు అది పనికిరాదు. పత్రికల జర్నలిజం స్కూళ్ల డిప్లొమా ఉద్యోగానికి మంచిదే, పీజీ డిగ్రీ మాత్రం కాదు. అంటే మీ మొదటి మెట్టు జర్నలిజంలో ఎంఏ.

ఉద్యోగం వదలకుండా చేయాలంటే దూరవిద్య చాలు. ఇగ్నోలో ఎంఏ జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్ రెండేళ్ల కోర్సు ఉంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. అయితే గుర్తింపు ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, మీరు చేరే ఆ విద్యా సంవత్సరానికి ఉందా లేదా అన్నది యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో చూసి, ఆ పేజీని ముద్రించి దాచుకోండి. ఏళ్ల తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో అడిగేది ఆ కాగితమే. నెట్‌కు పీజీలో 55 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50. మీరు మాత్రం 60 దాటించండి, కారణం కింద చెబుతాను.

ఎంఏ చివరి సంవత్సరంలో ఉండగానే నెట్ రాయొచ్చు. ఫలితం వచ్చిన రెండేళ్లలోపు పీజీ పూర్తి చేస్తే సరిపోతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు. నెట్‌లోనే పై ర్యాంకు వాళ్లకు పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు మాత్రం 30 ఏళ్లు, సడలింపు ఉన్నవాళ్లకు 35. మీ వయసు ఇప్పటికే దాటిపోయింది కాబట్టి ఆ ఫెలోషిప్‌ని లెక్కలో పెట్టుకోకండి.

పరీక్ష మూడు గంటలు. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు కోత లేదు కాబట్టి ఒక్కటి కూడా వదలకూడదు. డెస్క్ నుంచి వచ్చేవాళ్లు బోల్తాపడేది రెండుచోట్ల. ఒకటి, పేపర్ 2లో పది యూనిట్లుంటే రిపోర్టింగ్-ఎడిటింగ్ ఒకటి, చట్టాలు-ఎథిక్స్ ఒకటి. మిగతా ఎనిమిదిలో అభివృద్ధి కమ్యూనికేషన్, అడ్వర్టయిజింగ్, పీఆర్, సినిమా, కమ్యూనికేషన్ రీసెర్చ్ లాంటివి వస్తాయి. "ఫీల్డ్ మనకు తెలిసిందే కదా" అని కూర్చుంటే పట్టుచిక్కేది పదిలో రెండింటికే. రీసెర్చ్ యూనిట్‌కు సగం సమయం ఇవ్వండి, రేపు పీహెచ్‌డీకీ అదే పనికొస్తుంది. రెండోది భాష. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు డెస్క్‌లో ఏళ్లు గడిపిన మనిషికి విషయం తెలిసినా పారిభాషిక పదం చటుక్కున తట్టదు. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, ప్రతి పదానికీ మీ మాటల్లో ఒక వాక్యం తెలుగు అర్థం రాసుకుంటూ పోండి.

నెట్‌తో పాటు రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ కూడా రాయండి. తెలంగాణలో ఉస్మానియా, ఆంధ్రలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహిస్తాయి. సెట్ అర్హత ఆ రాష్ట్రానికే పరిమితం. నెట్ దేశమంతా చెల్లుతుంది.

ఇక పీహెచ్‌డీ. యూనివర్సిటీ పోస్టులకు పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తూ 2018లో నిబంధన వచ్చింది, వాయిదా పడింది. చివరికి 2023 జులై 1 నుంచి నెట్, సెట్, లేదా సెట్ పాత పేరైన స్లెట్‌లలో ఏదో ఒకటి కనీస అర్హత అనీ, పీహెచ్‌డీ ఐచ్ఛికమనీ యూజీసీ తేల్చింది. కాగితం మీద అంతే. షార్ట్‌లిస్టులో లెక్క వేరు. 2018 నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకి పిలిచే ముందు 100 మార్కుల పట్టిక ఒకటుంది. డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, జేఆర్ఎఫ్‌తో నెట్ అయితే 7, ఒట్టి నెట్ అయితే 5, సెట్ అయితే 3, పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి 2 చొప్పున 10, బోధనానుభవానికి ఏడాదికి 2 చొప్పున 10, అవార్డులకు 3.

మీ లెక్క వేద్దాం. డిగ్రీ 55–60 శాతం మధ్య ఉంది కాబట్టి 10. జర్నలిజం ఎంఏలో 60 దాటితే 23, దాటకపోతే 20. నెట్ 5. మొత్తం 38. పీహెచ్‌డీ ఉంటే 68. మంచి పత్రాలు అయిదు ఉంటే 78. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు పదిమంది దరఖాస్తు చేసినచోట 38తో ఇంటర్వ్యూ గది దాకా వెళ్లడం కష్టం. ఇంకో సంగతి గమనించండి. న్యూస్‌రూమ్ అనుభవానికి ఆ పట్టికలో గడే లేదు. పన్నెండేళ్ల డెస్క్‌కు సున్నా. అది అన్యాయమే అని నా అభిప్రాయం. కానీ ఉన్న పరిస్థితి అది. మీ అనుభవం ఇంటర్వ్యూలో, డెమో క్లాసులో పనికొస్తుంది, అక్కడికి చేర్చేది మాత్రం డిగ్రీలూ పత్రాలూ. రాష్ట్ర యూనివర్సిటీలు మార్పులతో సొంత పద్ధతి పెట్టుకోవచ్చు కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌నూ విడిగా చదవాలి.

పీహెచ్‌డీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పార్ట్‌టైమ్‌కు అనుమతి ఉంది గానీ మీ యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అందులో కోర్సువర్క్‌కు (పరిశోధనకు ముందు తరగతుల్లో చదవాల్సిన పాఠాలకు) హాజరవడానికి మీకు వెసులుబాటు ఇస్తామని స్పష్టంగా ఉండాలి. "అభ్యంతరం లేదు" అన్న ఒక్క ముక్కతో తెచ్చే పత్రాలు తిరిగొస్తాయి. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే 2 క్రెడిట్ల కోర్సు తప్పనిసరి. డెస్క్‌లో రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లకు ఈ కోర్సువర్క్ కాలమే గండం. చేరే ముందే షిఫ్టు మార్పు మాట్లాడుకోండి.


మీడియా_విద్యార్థి

ఆచార్య గారూ, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ సంగతి వదిలేశారు. దానికి నెట్, పీహెచ్‌డీ ఏవీ అక్కర్లేదు కదా?


ఆచార్య_సాగరతీరం

నిజమే, వృత్తి అనుభవం ఉన్నవాళ్లను నేరుగా బోధనలోకి తీసుకునేందుకు 2022లో యూజీసీ తెచ్చిన మార్గదర్శకాలవి. ఆ రంగంలో 15 ఏళ్ల అనుభవం, అదీ పెద్ద బాధ్యతల్లో ఉన్నది, చూపాలి. మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించి వీళ్లను తీసుకోకూడదు. గరిష్ఠంగా మూడేళ్లు, అరుదుగా ఇంకో ఏడాది, అంతటితో సరి. పర్మనెంట్ కాదు. చాలామందికి తెలియని షరతు ఇంకోటుంది. ఇప్పటికే అధ్యాపక వృత్తిలో ఉన్నవాళ్లకు, అందులో రిటైరైనవాళ్లకు ఇది వర్తించదు. కాబట్టి ముందు లెక్చరర్‌గా చేరి తర్వాత ఈ దారి చూద్దాం అనుకుంటే కుదరదు. కృష్ణ గారికి ఇంకో మూడేళ్లలో ఈ తలుపు తెరుచుకుంటుంది, కానీ దాని మీదే ఆధారపడమని నేను చెప్పను. నాలుగేళ్ల తర్వాత 43 ఏళ్ల వయసులో మళ్లీ రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.


తరగతిగది_ఎథిక్స్

ఎథిక్స్ ఎలా చెప్పాలన్న కృష్ణ గారి చివరి ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే అర్హతలన్నీ సంపాదించి ఆఖరికి ఈ సబ్జెక్టును పాడుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రెస్ కౌన్సిల్ నియమావళి చదివించడం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. విద్యార్థి నియమాలన్నీ ఒప్పజెబుతాడు. ఆర్నెల్ల తర్వాత డెస్క్‌లో కూర్చుని బాధితురాలి తండ్రి పేరు, ఊరు, వీధి రాసి పేజీ వదిలేస్తాడు. ఎందుకంటే అతనికి నేర్పింది నియమం, కావలసింది రాత్రి పదిన్నరకు పేజీ రిలీజ్‌కి ముందు నిర్ణయం తీసుకునే అలవాటు. ఈ సబ్జెక్టును ప్రాక్టికల్‌గా చూస్తేనే బతుకుతుంది.

ఒక కేసుకు వంద నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి. విద్యార్థులకు ఇచ్చేది ఒకటే పేజీ: ఆ రాత్రి డెస్క్‌కు తెలిసిన సమాచారం మాత్రమే. తర్వాత బయటపడ్డవి అందులో ఉండకూడదు. ఇదే ఎక్కువమంది చేసే పొరపాటు. ఫలితం ముందే తెలిస్తే ప్రతివాడూ ధర్మరాజే. మొదటి పదిహేను నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా ప్రతి ఒక్కరూ రాయాలి: వార్త వేస్తారా, హెడ్డింగ్ ఏమిటి, ఫొటో ఏది, ఏ పేజీలో, ఏం తీసేస్తారు. ఆ కాగితాలు తీసేసుకోవాలి. లేకపోతే గట్టిగా మాట్లాడే ఇద్దరి అభిప్రాయమే తరగతి అభిప్రాయం అయిపోతుంది. తర్వాత చర్చ. దానికి హార్వర్డ్ ఆచార్యుడు రాల్ఫ్ పాటర్ పేరుతో ఉన్న నాలుగు గడుల పద్ధతి బాగా పనిచేస్తుంది: వాస్తవాలేమిటి, ఏ విలువలు ఢీకొంటున్నాయి, ఏ సూత్రం ప్రకారం తూచుతున్నాం, ఎవరికి కట్టుబడి ఉన్నాం. మన విద్యార్థులు నాలుగో గడి దగ్గర తడబడతారు. పాఠకుడికా, బాధితుడికా, యాజమాన్యానికా, తోటి రిపోర్టర్‌కా? అక్కడ వాళ్లను తొందరపెట్టొద్దు. చివరి ఇరవై నిమిషాల్లో మొదట రాసిన నిర్ణయాన్ని మార్చి రాయమనాలి, మార్చకపోతే ఎందుకు మార్చలేదో రాయాలి. మార్కులు ఆ కారణానికి వేయండి, నిర్ణయానికి కాదు. మీ అభిప్రాయంతో ఏకీభవిస్తే మార్కులొస్తాయని ఒక్కసారి పసిగట్టారంటే సెమిస్టర్ అంతా మీకు నచ్చినవే రాస్తారు.

కేసుల ఎంపిక. అమెరికా పాఠ్యపుస్తకాల కేసులతో మొదలుపెట్టొద్దు, మన దగ్గరివే బోలెడు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన అత్యాచారం, హత్య తీసుకోండి. మొదటి రోజుల్లో ఆ యువతి పేరూ ఫొటో ఊరూవాడా తిరిగాయి. తర్వాత పోలీసులే ఆమెను దిశ అని పిలవాలని ప్రకటించారు. అప్పటికే 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని చెప్పి ఉంది. చట్టం తెలిసీ అలా ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు విద్యార్థులే మూడు నాలుగు కారణాలు చెబుతారు: సోషల్ మీడియాలో ముందే వచ్చేసింది, పోటీ చానల్ వేసింది, తల్లిదండ్రులే ఫొటో ఇచ్చారు. ఒక్కో కారణాన్నీ తూచడమే పాఠం. రెండో తరగతిలో అదే కేసులో నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన డిసెంబర్ 6 ఎన్‌కౌంటర్ మర్నాటి పత్రికలు ముందు పెట్టండి. పోలీసుల కథనాన్ని పోలీసుల కథనంగా రాశారా, జరిగిన విషయంగా రాశారా అని క్రియాపదం క్రియాపదం గీత గీయించండి. ఆ ఎన్‌కౌంటర్‌పై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కథనాన్ని నమ్మదగినది కాదని తేల్చిందన్న సంగతి ఆ పని అయ్యాకే చెప్పండి.

ఇంటర్ ఫలితాల రోజుల ఆత్మహత్య వార్తలు రెండో కేసు. 2019లో ప్రెస్ కౌన్సిల్ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను అనుసరిస్తూ చెప్పినవి స్పష్టంగానే ఉన్నాయి: ప్రముఖంగా వేయొద్దు, పద్ధతి వివరించొద్దు, చోటు చెప్పొద్దు, సంచలన శీర్షిక వద్దు, ఫొటో వద్దు. వ్యాయామం ఏమిటంటే, పాత వార్త ఒకటి ఇచ్చి 120 మాటల్లో తిరిగి రాయించడం. ఇక్కడ ఒక లోపం పదేపదే వస్తుంది. "మార్కులు తక్కువొచ్చాయని" అన్న ఒకే కారణం విద్యార్థులు ఉంచేస్తారు. పద్ధతి తీసేశాం కదా అని తృప్తిపడతారు. ఒక్క కారణానికి ముడిపెట్టడం కూడా అంతే ప్రమాదమని ఆ వాక్యం మీదే చెప్పాలి.

చట్టం, నైతికత కలిపేయొద్దు. వ్యక్తుల వివరాలు బయటపెట్టొద్దనే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74, భారతీయ న్యాయ సంహిత 72, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24 ఒక తరగతిలో గబగబా ముగించేయండి. అవి దాటకూడని గీతలు, చర్చకు తావులేనివి. చట్టం ఒప్పుకున్నా వేయకూడనివి, చట్టం భయపెట్టినా వేయాల్సినవి ఉంటాయి. మిగతా సెమిస్టర్ వాటికి. అలాగే ప్రెస్ కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు, టీవీ దాని పరిధిలోకే రాదు అన్నది కూడా మొదట్లోనే చెప్పేయాలి. లేకపోతే "ఫిర్యాదు చేస్తే సరి" అనే జవాబుతో ప్రతి చర్చా ముగిసిపోతుంది.

ఒక జాగ్రత్త. కేసు కాగితాలు పంచేటప్పుడు క్లిప్పింగుల్లో బాధితుల పేర్లు, ముఖాలు నల్లగా కొట్టేయాలి. ఆ తప్పు గురించి చెబుతూ అదే తప్పును క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలాచోట్ల జరుగుతోంది. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే సరిపోదు, దాన్ని జరిపితే కింద అక్షరాలు కనిపిస్తాయి. ముద్రించి, మార్కర్‌తో కొట్టి, మళ్లీ స్కాన్ చేయండి.

పార్టీ, కులం పేరుతో తరగతి చీలిపోయే కేసులను మొదటి నెలలో తీసుకోవద్దు. పద్ధతి అలవాటయ్యాక తీసుకోండి, తప్పించుకోవద్దు కూడా.


జోన్‌డెస్క్_కృష్ణ

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎంఏ దరఖాస్తు ఈ ఏడాదే పెడతాను. పీహెచ్‌డీకి ఇప్పటినుంచే ఒక అంశం మనసులో ఉంది: మండల కంట్రిబ్యూటర్లకు (నెలజీతం లేని స్థానిక విలేఖరులకు) పత్రికలు పెట్టే యాడ్స్ టార్గెట్లు, అవి జిల్లా పేజీల వార్తల మీద చూపే ప్రభావం. డెస్క్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయం. దాన్ని పరిశోధనగా నిలబెట్టడం ఎలా? పైగా నేను ఒక పత్రికలో పనిచేస్తూ దీన్ని చేయొచ్చా?


పరిశోధన_పద్ధతి

అంశం చాలా మంచిది, నిజంగా అవసరమైనది. తెలుగు పత్రికల్లో జిల్లా టాబ్లాయిడ్లు 1989లో ఈనాడుతో మొదలయ్యాక ఊరి వార్త పేజీకెక్కింది. దానికి కావలసిన విలేఖరుల వ్యవస్థను నెలజీతం మీద కాక లైన్ల లెక్క, కమీషన్ల మీద నడిపారు. పత్రికా ఉద్యోగుల జీతాలపై మజీథియా బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది, కంట్రిబ్యూటర్లు చాలావరకు ఆ పరిధి బయటే ఉండిపోయారు. 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తగా వేసేవి) మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె.శ్రీనివాసరెడ్డి గారు ఉన్నారు. 2010 నాటి ఆ పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట బయటపెట్టలేదు, సమాచార కమిషన్ ఆదేశంతో 2011లో వెలుగులోకి వచ్చింది. మీ సాహిత్య సమీక్ష అక్కడ మొదలుకావాలి.

"అందరికీ తెలిసిందే" అన్నదే మీకు పెద్ద అడ్డంకి. తెలిసినదాన్ని కొలిచి చూపాలి. ప్రశ్నను కుదించండి. "ప్రభావం" అన్నది పెద్ద మాట. "ప్రకటన ఇచ్చిన స్థానిక నాయకుడి గురించి ఆ తర్వాతి రోజుల్లో వచ్చే వార్తల సంఖ్య, స్థానం, ధోరణి మారుతున్నాయా?" అనేది కొలవగలిగే ప్రశ్న.

నమూనా సంగతి. ఏడాది పత్రికకు రెండు కన్‌స్ట్రక్టెడ్ వారాలు, అంటే ఏడాదిలోని సోమవారాల్లో యాదృచ్ఛికంగా రెండు, మంగళవారాల్లో రెండు ఇలా 14 రోజులు తీసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. మూడు పత్రికలు, ఒక్కోదానిలో ఒకే జిల్లా ఎడిషన్ అనుకుంటే 42 సంచికలు. సంచికకు 12 పేజీలు, పేజీకి 10 వార్తలు వేసుకున్నా 5,040 వార్తలు. వార్తకు మూడు నిమిషాలు పట్టినా 252 గంటల కోడింగ్ (ప్రతి వార్తనూ ముందే అనుకున్న వర్గాల్లో గుర్తించడం). ఈ లెక్క ముందే వేసుకోకుండా "అయిదు పత్రికలు, మూడు జిల్లాలు" అని ప్రతిపాదనలో రాసేసి మధ్యలో చేతులెత్తేసేవాళ్లే ఎక్కువ.

కానీ మీ అంశానికి ఈ నమూనా ఒక్కటే చాలదు. మండల స్థాయి ప్రకటనలు రోజూ సమానంగా రావు. సంక్రాంతి, ఉగాది, దసరా, జనవరి 26, ఆగస్టు 15, పత్రిక వార్షికోత్సవం, నాయకుల పుట్టినరోజులు, వీటికే గుంపుగా వస్తాయి. యాదృచ్ఛికంగా ఎంచిన 14 రోజుల్లో ఇవి ఒక్కటీ పడకపోవచ్చు. అందుకని అలాంటి రోజుల జాబితా వేసి, ఒక్కోదానికి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు విడిగా తీసుకుని రెండింటినీ పోల్చాలి.

కోడింగ్ మీరొక్కరే చేస్తే పరీక్షకులు ఒప్పుకోరు. కనీసం పది శాతం వార్తలు, మీ లెక్కలో 504, ఇంకొకరు మీ కోడ్లు చూడకుండా కోడ్ చేయాలి. ఇద్దరి పొందికను క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫాతో చూస్తారు. 0.80 వస్తే బాగుంది, 0.667కి తగ్గితే ఆ వర్గాన్ని వాడకూడదు. "ధోరణి" దగ్గరే అది పడిపోతుంది, ఎందుకంటే అనుకూలం అంటే ఏమిటో ఎవరి లెక్క వాళ్లది. "హెడ్డింగ్‌లో పేరు ఉందా", "పొగడ్త విశేషణం ఉందా", "అవతలి పక్షం మాట ఉందా" అని అవును-కాదు ప్రశ్నలుగా విడగొడితే నిలబడుతుంది.

ఈ-పేపర్లను ఏ రోజువి ఆ రోజే దించుకోండి. పాత జిల్లా పేజీలు తర్వాత దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఎడిషన్ పేరు, తేదీ, పేజీ సంఖ్యతో ఫైలు పేరు పెట్టండి.

ఇక కంట్రిబ్యూటర్ల ఇంటర్వ్యూలు. ఇక్కడ మీ నైతిక బాధ్యత పత్రికలోకంటే ఎక్కువ. మండలానికి ఒక పత్రికకు సాధారణంగా ఒక్కరే కంట్రిబ్యూటర్ ఉంటారు. "ఫలానా మండలం, ఫలానా పత్రిక" అని రాస్తే పేరు రాసినట్టే. మండలం, పత్రిక రెండూ ఒకచోట రాకూడదు, ప్రకటన మొత్తాలను కూడా అంకెలో కాక శ్రేణిలో ఇవ్వండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఎప్పుడైనా వైదొలగవచ్చని అందులో రాయాలి. పేర్లకూ కోడ్లకూ పొత్తు చూపే కాగితం ఒక్కటే ఉండాలి, అది ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కకూడదు. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇంటర్వ్యూలకు ముందే తీసుకోండి, తర్వాత తెస్తానంటే ఆ సమాచారం వాడుకోనివ్వరు.

మీరు డెస్క్‌లో ఉండి చేయొచ్చా అంటే, మీ పత్రికను కంటెంట్ విశ్లేషణలో ఉంచొచ్చు, కానీ కోడింగ్ వేరేవాళ్లతో చేయించాలి. మీ పత్రిక కంట్రిబ్యూటర్లను మాత్రం ఇంటర్వ్యూ చేయకండి. వాళ్ల కాపీ మీ టేబుల్ మీదికే వస్తుంది, "కాదు" అనే స్వేచ్ఛ వాళ్లకు ఉండదు. డెస్క్‌లో చూసిన అంతర్గత సర్క్యులర్లు, టార్గెట్ షీట్లు అనుమతి లేకుండా డేటాగా వాడొద్దు. మీ ఉద్యోగం సంగతి థీసిస్ పద్ధతి అధ్యాయంలోనే ఒక పేరాలో ప్రకటించండి.

ఇంకొకటి. 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మీరే రాసిన పాత పత్రికా వ్యాసాలను థీసిస్‌లోకి యథాతథంగా ఎత్తితే అవీ పోలికలో పడతాయి. మీ పేరుతో ఉన్నా ఉటంకింపుగానే ఇవ్వాలి.


వేతనం_వివరం

డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనం అకడమిక్ లెవెల్ 10, అంటే నెలకు 57,700 రూపాయల దగ్గర మొదలు. వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో చెప్పింది లెక్చర్‌కు 1,500, నెలకు 50,000 మించకుండా. చాలా రాష్ట్ర యూనివర్సిటీల్లో చేతికి అందేది దానికి తక్కువే. గెస్ట్ పనికి కూడా నెట్ లాంటి అర్హతలే అడుగుతారు. గంటల లెక్కన చేసిన పని తర్వాత పదోన్నతి సర్వీసుకు కలవదు, ఎందుకంటే కలపాలంటే అప్పటి జీతం రెగ్యులర్ వాళ్లకు తగ్గకుండా ఉండాలని షరతు. అయినా చేయండి, డెమో క్లాసుకు అదే అభ్యాసం. ప్రతి సెమిస్టర్ చివరా శాఖ అధిపతి సంతకంతో సబ్జెక్టు, గంటలు, తేదీలు ఉన్న అనుభవ పత్రం అప్పటికప్పుడే తీసుకోండి. అధిపతి మారాక ఆ పత్రం పుట్టించడం గగనమవుతుంది.

పరిశోధన పత్రాల విషయంలో: నమ్మదగిన జర్నళ్ల కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇప్పుడు జర్నల్ నాణ్యత తేల్చాల్సింది సంస్థలే. "వారంలో ప్రచురణ, రుసుము ఇంత" అని మెయిల్ పంపే జర్నళ్ల జోలికి పోవద్దు. పెయిడ్ న్యూస్ మీద థీసిస్ రాసే మనిషి బయోడేటాలో డబ్బిచ్చి వేయించుకున్న పత్రం కనిపిస్తే ఇంటర్వ్యూ బోర్డు మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.


తరగతిగది_ఎథిక్స్

దీనికి ఒక్క ముక్క చేర్చాలి. పత్రికలో ఉంటూ గెస్ట్‌గా చెప్పేటప్పుడు రెండు సంస్థలకూ రాతపూర్వకంగా తెలియజేయండి. మీ విద్యార్థి మీ పత్రికలోనే ఇంటర్న్‌షిప్ చేస్తుంటే అతని ఇంటర్న్‌షిప్ మార్కులు మీరు వేయకూడదు, ఇంకొకరికి అప్పగించాలి. మీరు చెప్పే యూనివర్సిటీ మీద మీ పత్రికలో వార్త వస్తే ఆ పేజీ మీ చేతి మీదుగా పోకుండా డెస్క్ ఇన్‌ఛార్జికి ముందే చెప్పి పెట్టుకోండి. సిలబస్ ఇచ్చే రోజే ఈ రెండింటినీ విద్యార్థులకు కూడా చదివి వినిపించి, ఆ కాగితం శాఖ నోటీసు బోర్డులో పెట్టండి.